ప్రకాశం అడిగిన పల్లె, అంబేడ్కర్ చూసిన పల్లె

పంచాయతీ సెక్రటరీ ఉద్యోగంలో చేరినవాళ్లకు శిక్షణలో ముందుగా చెప్పే పాఠం రాజ్యాంగం 40వ అధికరణ. గ్రామ పంచాయతీలు పెట్టాలి, తమ పాలన తామే చూసుకునేలా వాటికి అధికారాలివ్వాలి, అందుకు రాజ్యం పూనుకోవాలి. ఇంతే దాని సారం. పరీక్షకు చిన్న ప్రశ్న, చిన్న జవాబు. తిరువూరు చుట్టుపక్కల ఊళ్లలో ఇంటిపన్ను రశీదులు రాస్తూ, కుళాయి కనెక్షన్ల తగవులు తీరుస్తూ, గ్రామసభ మినిట్స్ పుస్తకాలు నింపుతూ నా సర్వీసంతా గడిచింది. రాజ్యాంగ సభ చర్చలు తీరిగ్గా చదవడం రిటైరయ్యాకే కుదిరింది. నాకు అన్నం పెట్టిన ఆ అధికరణ ఊరికే వచ్చింది కాదని అప్పుడు తెలిసింది. ఒక పెద్ద వాదంలో ఓడిపోతున్న పక్షం పట్టుబట్టి దక్కించుకున్నది అది. ఆ వాదంలో అటూ ఇటూ నిలబడ్డవాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు.

ఇప్పుడు ఆ వాదాన్ని ఫోన్లలో తిట్లకు వాడుకుంటున్నారు. గాంధీ పేరు చెప్పేవాళ్లు అంబేడ్కర్‌ని, అంబేడ్కర్ పేరు చెప్పేవాళ్లు గాంధీని ఒక్క ముక్కలో తీసిపారేస్తున్నారు. మా వీధి కుర్రాళ్లే ఇద్దరు దీని మీద మాటలు మానేసుకున్నారు. అసలు ఆ పెద్దలు ఏమడిగారు, ఎందుకడిగారు అన్నది వాళ్లిద్దరికీ చెప్పాలనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

రాజ్యాంగ సభ 1946 డిసెంబరు 9న ఢిల్లీలో మొదటిసారి సమావేశమైంది. 1947 ఆగస్టు 29న ముసాయిదా సంఘం వేశారు. దానికి అంబేడ్కర్ అధ్యక్షుడు. సంఘంలో మనవైపు వాళ్లు ఇద్దరున్నారు. ఒకరు అల్లాది కృష్ణస్వామి అయ్యర్. నెల్లూరు జిల్లా పుదూరులో పూజారిగారింట పుట్టి, మద్రాసులో 1929 నుంచి 1944 దాకా అడ్వకేట్ జనరల్‌గా పనిచేసిన న్యాయకోవిదుడు. రెండోవారు న్యాపతి మాధవరావు. మా ఉమ్మడి కృష్ణా జిల్లా మచిలీపట్నంలో పుట్టి, మైసూరు సంస్థానానికి దివానుగా చేసినవాడు. సంఘం నుంచి బి.ఎల్. మిట్టర్ తప్పుకున్నాక ఆ స్థానంలోకి వచ్చాడు.

సభలో మిగతా బెంచీల మీద మన పేర్లు ఇంకా చాలా కనిపిస్తాయి. టంగుటూరి ప్రకాశం, ఎన్.జి. రంగా, భోగరాజు పట్టాభి సీతారామయ్య, దుర్గాబాయి, అనంతశయనం అయ్యంగార్, కళా వెంకట్రావు, నీలం సంజీవరెడ్డి, మోటూరి సత్యనారాయణ, కర్నూలు నుంచి ఎస్. నాగప్ప. బొబ్బిలి రాజా కూడా సభ్యుడే. జమీందారీలు పోవాలన్నవాళ్లూ, జమీందారూ, దివానూ, దళిత నాయకుడూ, హిందీ ప్రచారకుడూ ఒకే కప్పు కింద కూర్చున్నారు. తెల్లవాడు పోవాలన్న దానిలో వీళ్లలో చాలామందికి పేచీ లేదు. పోయాక ఏం కట్టాలన్న దగ్గరే ఎవరి దారి వారిది.

1948 నవంబరు 4న ముసాయిదాను సభ ముందు పెడుతూ అంబేడ్కర్ సుదీర్ఘంగా మాట్లాడారు. పల్లెలను పునాదిగా చేసుకోలేదన్న విమర్శకు ఆయన జవాబు పదునుగా వచ్చింది. మన పల్లెల మీద ఈ మోజు చాలావరకు చార్లెస్ మెట్‌కాఫ్ అనే ఇంగ్లీషు అధికారి రాతల నుంచి వచ్చిందన్నారు. రాజ్యాలు మారినా పల్లెలు నిలిచాయని మెట్‌కాఫ్ పొగిడాడు. నిలిచాయి సరే, ఏ స్థితిలో నిలిచాయి, దేశం కష్టాల్లో ఉన్నప్పుడు ఏం చేశాయి అని అంబేడ్కర్ అడిగారు. తన పొలిమేర దాటి చూడలేని ఇరుకుతనం, అజ్ఞానం, కులమతాల పట్టింపు, ఇవే తనకు పల్లెలో కనిపిస్తున్నాయని చెప్పారు. ముసాయిదా పల్లెను పక్కన పెట్టి మనిషిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషిస్తున్నానన్నారు. ఇది ఆయనకు ఆనాడు కొత్తగా తోచిన మాట కాదు. 1932లోనే బొంబాయి శాసనమండలిలో గ్రామ పంచాయతీల బిల్లును ఆయన వ్యతిరేకించారు.

గాంధీ పోయి అప్పటికి తొమ్మిది నెలలే. ఆయన జీవితమంతా చెప్పిన గ్రామ స్వరాజ్యానికి రాజ్యాంగంలో చోటు లేకపోగా, పల్లె గురించి ఈ మాటలు విన్నప్పుడు సభ అట్టుడికింది. తర్వాతి రోజుల్లో లేచిన సభ్యుల్లో చాలామంది దీని మీదే మాట్లాడారు. నిజానికి ఈ వాదం 1948లో పుట్టలేదు. 1945 అక్టోబరులో గాంధీ నెహ్రూకు రాసిన ఉత్తరంలో పల్లెలే ఆధారం కావాలన్నాడు. పల్లె చదువులోనూ సంస్కారంలోనూ వెనకబడి ఉంది, వెనకబడినచోట నుంచి ముందడుగు ఎలా పడుతుందని నెహ్రూ నాలుగు రోజుల్లోనే జవాబిచ్చాడు. అంబేడ్కర్‌ను విమర్శించేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఈ విషయంలో నెహ్రూ ఉన్నది అంబేడ్కర్ పక్కనే.

ప్రకాశం పంతులుగారికి అప్పుడు 76 ఏళ్లు. పల్లె పునాదిగా లేని రాజ్యాంగం ఆయనకు మింగుడుపడలేదు. పల్లె నుంచి మొదలుపెట్టి పైకి కట్టుకుంటూ రావాలన్నది ఆయన వాదం. ఊరు తన తిండి, తన బట్ట తాను చూసుకోవాలి. ఊళ్లు కలిసి ఫిర్కా, ఆపైన జిల్లా, ఆపైన రాష్ట్రం. ఇది ముసలాయన కల అని నవ్వుకుని వదిలేయడానికి లేదు. ఆయన దాన్ని పరిపాలనలో పెట్టి చూసినవాడు. 1937లో మద్రాసు రెవెన్యూ మంత్రి అయ్యాక జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షత వహించి, భూమి మీద హక్కు రైతుదేనని నివేదిక ఇచ్చాడు. నూజివీడు జమీందారుల ఏలుబడి తెలిసిన మావైపు రైతుకు ఆ మాట ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు. 1946 ఏప్రిల్ 30న మద్రాసు ప్రధాని అయ్యాక ఫిర్కా అభివృద్ధి పథకం మొదలుపెట్టాడు. కొత్త బట్టల మిల్లులు వద్దు, చేనేతా ఖద్దరూ చాలన్నాడు. మిల్లు యజమానులూ, సొంత పార్టీలోని ప్రత్యర్థులూ ఊరుకుంటారా? 11 నెలలు తిరక్కుండానే, 1947 మార్చిలో ఆయన ప్రభుత్వం పోయింది. దానికి మిల్లుల గొడవ ఒక్కటే కారణం కాదు, ముఠాల పోరు ఉంది. అయినా పల్లెను నమ్ముకున్న మంత్రివర్గానికి తెలుగునాట దొరికిన ఆయుష్షు అంతే.

పల్లె తనను తాను పాలించుకోగలదన్న నమ్మకానికి మన జిల్లావాడే ఒకడు అంతకు ముందే ప్రాణం పోశాడు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పుట్టింది మా పక్క పెనుగంచిప్రోలులో. చీరాల, పేరాల గ్రామాలను మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో ఆయన మాట మీద జనం ఊళ్లు ఖాళీ చేసి పొలిమేర బయట రామనగరు కట్టుకున్నారు. 11 నెలలపాటు తమ పంచాయతీ తామే నడుపుకున్నారు. ప్రకాశం తరానికి పల్లె అంటే గుర్తొచ్చేది ఆ రామనగరు. అంబేడ్కర్‌కు పల్లె అంటే గుర్తొచ్చేది ఊరబావి దగ్గర తన జాతికి పడిన అడ్డుగోడ. ఇద్దరూ కళ్లతో చూసిందే మాట్లాడారు.

రంగాగారి సంగతి వేరు. నిడుబ్రోలు రైతు బిడ్డ, ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చి, సొంత ఊళ్లో రైతుల కోసం రామానీడు రైతాంగ విద్యాలయం పెట్టినవాడు. సభ మొదలైన తొలి రోజుల్లోనే, 1946 డిసెంబరులో, ఆయన ఒక గట్టి మాట అన్నాడు. అందరూ మైనారిటీలు, మైనారిటీలు అంటూ మతాల లెక్క వేస్తుంటే, అసలు మైనారిటీలు ఈ దేశంలోని సామాన్య జనమేనన్నాడు. పల్లెటూరివాడికి షావుకారు దగ్గరా, పోలీసు దగ్గరా, కోర్టు మెట్ల మీదా ఏ హక్కూ నిలవదు, వాడికి రక్షణ ఎవరిస్తారని ఆయన బాధ. 1948 నవంబరులో అంబేడ్కర్ మాటల మీద తన విచారాన్ని దాచుకోలేదు. అధికారమంతా కేంద్రం చేతిలో పోగుపడితే అది ప్రజాస్వామ్యం దగ్గర ఆగదని, నిరంకుశత్వం దాకా పోతుందని హెచ్చరించాడు. తర్వాత కాంగ్రెస్‌ను విడిచి 1951లో కృషికార్ లోక్ పార్టీ పెట్టినా, 1959లో రాజాజీతో స్వతంత్ర పార్టీలో చేరి అధ్యక్షుడైనా, ఆ భయమే ఆయన్ని నడిపించిందని నాకనిపిస్తుంది. ఒక్కటి మాత్రం చెప్పాలి. రంగా పల్లెలో రైతు నిండుగా కనిపిస్తాడు, ఆ రైతు చేలో నాట్లు వేసే కూలి మసకగా కనిపిస్తాడు. రైతు సంఘాల్లో కమ్యూనిస్టులకూ ఆయనకూ చెడడానికి ఇదీ ఒక కారణమే.

అందరికంటే ఆశ్చర్యం కలిగించింది అల్లాది. ఆయన ముసాయిదా సంఘం సభ్యుడు, బలమైన కేంద్రం కావాలన్నవాడు, పార్లమెంటరీ పద్ధతికి గట్టి సమర్థకుడు. అలాంటివాడు తన సంఘానికి పెద్దదిక్కైన అంబేడ్కర్ మాట నిండుసభలో కాదన్నాడు. పల్లెలన్నింటినీ కలిపి తప్పుపట్టడం తాను ఒప్పుకోలేనన్నాడు. ప్రజాస్వామ్యం మన నేలకు పైపై పూతేనన్న అంబేడ్కర్ అభిప్రాయాన్నీ ఖండించాడు. ఏడాది తర్వాత, 1949 నవంబరులో, వయోజనులందరికీ ఓటు ఇవ్వడాన్ని సామాన్యుడి మీద నిండు నమ్మకంతో చేసిన పనిగా సమర్థించాడు. కోర్టు భాష తప్ప మాట్లాడడని పేరున్న మనిషి నోట ఆ నమ్మకం వింటే మనసు నిండుతుంది.

ఓటు గురించి ఇక్కడ కాస్త ఆగాలి. ఎందుకంటే పల్లె వాదంలో అసలు ముడి అక్కడే ఉంది. పల్లె పునాదిగా కట్టాలన్న ప్రణాళికల్లో జనం నేరుగా ఎన్నుకునేది పంచాయతీనే. పంచాయతీ సభ్యులు పైవాళ్లను, వాళ్లు ఆపైవాళ్లను ఎన్నుకుంటారు. శ్రీమన్నారాయణ్ అగర్వాల్ 1946లో రాసిన గాంధేయ రాజ్యాంగం తీరు అదే. రాజ్యాంగ సభ అధ్యక్షుడు బాబూ రాజేంద్రప్రసాద్‌కు కూడా 1948లో ఈ ఆలోచన వచ్చింది, సలహాదారు బి.ఎన్. రావుకు ఉత్తరం రాశారు. చట్టసభలకు నేరుగా వయోజన ఓటు అని సభ అప్పటికే నిర్ణయించిందని, ఆ పునాది ఇప్పుడు కదపడం కష్టమని జవాబు వచ్చింది.

ఆ జవాబు అలా వచ్చినందుకు నేను సంతోషిస్తాను. మా ఊళ్లలో పని చేసినవాళ్లెవరైనా సంతోషిస్తారు. పైమెట్లన్నీ పంచాయతీ చేతుల మీదుగా కట్టి ఉంటే, దళితుల పేటలో ఉండే కూలిమనిషి ఓటు ఊరి పెద్దల అరుగు దాటి పైకి వెళ్లేది కాదు. 1951-52 ఎన్నికల్లో దేశమంతా 17 కోట్లకు పైగా ఓటర్లు. రాజా ఓటూ ఒకటే, పాలేరు ఓటూ ఒకటే. ఊరి పెద్దల్ని దాటి ఎమ్మెల్యే దగ్గరికి, ఎంపీ దగ్గరికి నేరుగా వెళ్లే దారి ఆ ఓటు వల్లే పేటకు దొరికింది. ఈ ఒక్క విషయంలో ప్రకాశం పక్షం ఓడిపోవడమే మేలయిందని నా అభిప్రాయం. పంతులుగారి మీద ఎంత గౌరవమున్నా ఈ మాట చెప్పక తప్పదు.

సభలోని దళిత సభ్యులంతా ఒకే మాట మీద ఉన్నారనుకోవడం కూడా పొరపాటే. కేరళకు చెందిన దాక్షాయణి వేలాయుధన్, మద్రాసు రాష్ట్రం నుంచే ఎన్నికైన సభ్యురాలు, ముసాయిదాలో కేంద్రానికి అధికారాలు మితిమీరి ఉన్నాయని విమర్శించారు. కర్నూలు నాగప్పగారి పట్టు ఇంకోచోట. 1947 ఆగస్టు 28న ఆయన ఒక సవరణ తెచ్చారు. 1932 పూనా ఒప్పందం తర్వాత దళిత స్థానాల్లో అన్ని కులాలవాళ్లూ కలిసి ఓటు వేస్తారు. అలా గెలిచే దళిత అభ్యర్థికి దళితుల ఓట్లలోనైనా కనీసం 35 శాతం రావాలన్నది నాగప్ప సవరణ. లేకపోతే ఊరి ఆసాముల చెప్పుచేతల్లో ఉండేవాడే గెలుస్తాడు, పేట నమ్మినవాడు గెలవడని ఆయన భయం. సవరణ నిలబడలేదు. మా తిరువూరు అసెంబ్లీ స్థానం ఇప్పుడు ఎస్సీ రిజర్వుడు. తిరువూరు, గంపలగూడెం, విస్సన్నపేట, ఎ.కొండూరు మండలాల్లో తిరిగినవాళ్లకు నాగప్ప ప్రశ్న పాత పుస్తకాల్లోది కాదు. ఎన్నిక వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక అరుగు మీద అది మళ్లీ వినపడుతుంది.

పంచాయతీల్లో అయితే మరీనూ. రిజర్వుడు వార్డుకు నామినేషన్ ఎవరు వేయాలో పెద్దలు మాట్లాడుకుంటారు. ఏకగ్రీవం చేస్తే ఊరికి ప్రోత్సాహక నిధి వస్తుందంటారు. కొన్ని ఊళ్లలో పదవికి పాట పెట్టి, వచ్చిన డబ్బు గుడికి అంటారు. పేటలో ఇద్దరు ముగ్గురు పోటీకి సిద్ధంగా ఉన్నా, ఊరి పరువు పేరు చెప్పి కూర్చోబెడతారు. పోటీ లేని ఎన్నికను శాంతికి గుర్తుగా పేపర్లలో రాస్తారు. ఆ శాంతికి వెల ఎవరు కట్టారో నామినేషన్ వెనక్కి తీసుకున్న మనిషి ముఖం చూసినవాళ్లకు తెలుస్తుంది.

ఢిల్లీలో పల్లె గురించి ఇంత వాదం నడుస్తున్న ఆ 1948లో మా సరిహద్దు పల్లెలు ఎలా ఉన్నాయో కూడా చెప్పాలి. తిరువూరు దాటి కాస్త పైకి పోతే ఇప్పుడు తెలంగాణ. అప్పుడు అది నిజాం రాజ్యం. మనవైపు మద్రాసు రాష్ట్రం. పొలిమేర రాయి ఒక్కటే తేడా, మాటా పంటా పెళ్లి సంబంధాలూ ఒకటే. రజాకార్లకు భయపడి అటువాళ్లు మూటాముల్లె సర్దుకుని ఇటు వచ్చారు. సరిహద్దు వెంట కాంగ్రెస్ క్యాంపులూ, కమ్యూనిస్టు దళాల రాకపోకలూ. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. అది జరిగి రెండు నెలలు కాలేదు, రంగా ఢిల్లీలో పల్లె గురించి మాట్లాడుతున్నాడు.

ఒక విషయం చదివినప్పుడు నాకు గుండె పట్టేసినట్టయింది. హైదరాబాదు సంస్థానం తరఫున రాజ్యాంగ సభలో ఒక్క సభ్యుడూ కూర్చోలేదు. మా ఇవతల రైతు తరఫున మాట్లాడడానికి రంగా ఉన్నాడు, ప్రకాశం ఉన్నాడు. అవతల కల్లూరు, పెనుబల్లి, సత్తుపల్లి రైతు తరఫున ఎవరూ లేరు. రాజ్యాంగం అక్కడా వర్తిస్తుందని 1949 నవంబరు 23న నిజాం ఫర్మానా ఇచ్చాడు, అంతే. మూడేళ్లపాటు భూమి కోసం తుపాకి పట్టి, గడీల దొరలతో తలపడిన పల్లెలకు, దేశపు పునాది మీద జరిగిన చర్చలో నోరు లేదు.

ఆ పల్లెల్లో నడిచింది మూడో రకం కల. పుచ్చలపల్లి సుందరయ్య 1946లోనే విశాలాంధ్రలో ప్రజారాజ్యం గురించి పుస్తకం రాశారు. తెలుగు మాట్లాడేవాళ్లంతా ఒక రాష్ట్రం, అందులో దున్నేవాడిదే భూమి. 1948లో కలకత్తా మహాసభ తర్వాత కమ్యూనిస్టు పార్టీ ఈ స్వాతంత్ర్యాన్నే నిజమైనదిగా ఒప్పుకోలేదు. దళాలు ఊళ్లోకి వచ్చి గ్రామ రాజ్యాలు పెట్టాయి, భూములు పంచాయి, వెట్టి ఆపాయి. సాయుధ పోరాటం 1951 అక్టోబరులో ఆగింది. తుపాకి దారి నేను మెచ్చను. అయితే ప్రకాశంగారి పల్లె రాజ్యంలో గానీ, అంబేడ్కర్ గారి మనిషి హక్కుల్లో గానీ సూటిగా తేలని ప్రశ్న ఒకటి వాళ్లు వేశారు. ఊళ్లో భూమి ఎవరిది అన్నది తేలకుండా పంచాయతీలో కుర్చీ ఎవరికిస్తే ఏం లాభం? జమీందారీలు చట్టంతో పోయాయి. పొలం మాత్రం చాలాచోట్ల పేట దాకా రాలేదు.

  మళ్లీ రాజ్యాంగ సభకు వస్తాను.

1948 నవంబరు 22న సభ్యుడు కె. సంతానం ఒక కొత్త అధికరణ ప్రతిపాదించారు. అప్పుడు దాని సంఖ్య 31-ఎ. తర్వాత అదే 40 అయింది. ప్రకాశం లేచి బలపరిచాడు. అంబేడ్కర్ వాదం పెంచకుండా ఒప్పుకున్నారు. అయితే అది చేరింది ఆదేశిక సూత్రాల్లో. అంటే ప్రభుత్వం చేయకపోతే కోర్టుకు వెళ్లి చేయించుకోలేం. అటు పల్లెను పూర్తిగా కాదనలేదు, ఇటు పల్లె చేతికి తాళం ఇవ్వలేదు. దేశం ఆ తాళం కోసం 40 ఏళ్లకు పైగా ఎదురుచూసింది. బల్వంతరాయ్ మెహతా సంఘం చెప్పాక 1959లో మన రాష్ట్రం అందరికంటే ముందున్నవాళ్లలో ఒకటిగా పంచాయతీ సమితులు పెట్టింది. ఎన్టీఆర్ మండలాలు తెచ్చారు. చివరకు 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమలైంది. గ్రామసభ రాజ్యాంగంలో చేరింది. అయిదేళ్లకోసారి ఎన్నికలు తప్పనిసరి అయ్యాయి. ఎస్సీ, ఎస్టీలకు జనాభాను బట్టి, ఆడవాళ్లకు మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు కేటాయించారు. మన రాష్ట్రంలో ఆడవాళ్ల వాటా సగానికి పెరిగింది.

ఆ సవరణ రాకముందే అంబేడ్కర్ భయం ఎంత నిజమో మన నేల చూపించింది. 1985 జులై 17న కారంచేడులో, తాగునీటి చెరువు దగ్గర మొదలైన గొడవకు ఆరుగురు దళితులు బలయ్యారు. ఆ ఊరు అప్పుడున్నది ప్రకాశం పంతులుగారి పేరు పెట్టుకున్న జిల్లాలో. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. అది అప్పట్లో రంగాగారి గుంటూరు జిల్లా. ఈ రెండు ఊళ్ల పేర్లు రాస్తుంటే నాకు ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. పల్లెను దేవాలయంగా చెప్పేవాళ్లు ఈ రెండు పేర్లూ పలికి, ఆ తర్వాత మాట్లాడాలి.

ప్రకాశం, రంగాల భయమూ అంతే నిజమైంది. మన పంచాయతీల గడువు 2018 ఆగస్టులో ముగిస్తే ఎన్నికలు 2021 ఫిబ్రవరి దాకా జరగలేదు. రెండున్నరేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. రాజ్యాంగం తప్పనిసరి అన్నా అంతే. పదకొండో షెడ్యూలులో 29 అంశాలు రాసి ఉన్నాయి, వాటిలో ఏవి పంచాయతీకి ఇవ్వాలన్నది శాసనసభ ఇష్టం. ఆర్థిక సంఘం నిధులు తమకు చెప్పకుండానే కరెంటు బకాయిల కింద వెళ్లిపోయాయని సర్పంచులు రోడ్డెక్కారు. వీధి దీపానికి బల్బు కొనడానికి డబ్బుల్లేక సర్పంచి జేబులోంచి పెట్టుకోవడం మా మండలాల్లో అందరికీ తెలిసిందే. కేంద్రం కూడబెట్టుకుంటుందని రంగా అన్నాడు. రాష్ట్ర రాజధానులు కూడా అదే పని చేస్తాయని ఆయన ఊహించాడో లేదో!

నా సర్వీసులో ఒక గ్రామసభ గురించి చెబుతాను. ఊరి పేరు వద్దు. రామాలయం ముందు షామియానా వేశారు. కుర్చీల్లో పెద్దమనుషులు, కింద జంపఖానా మీద డ్వాక్రా ఆడవాళ్లు. పేటవాళ్లు రోడ్డుకు అవతల కరెంటు స్తంభం దగ్గర నిలబడ్డారు. రమ్మంటే "ఇక్కడ బాగానే ఉందిలెండి, వినపడుతుంది" అన్నారు. ఎజెండాలో తాగునీటి పైపులైను పొడిగింపు ఉంది. డబ్బు ఒక విడతకే సరిపోతుంది. మెయిన్ బజారు ముందా, పేట ముందా? చర్చ లేకుండానే తీర్మానం సిద్ధమైంది, బజారు పేరుతో. సంతకాలకు పుస్తకం తిప్పుతున్నారు. పేట నుంచి గెలిచిన వార్డు మెంబరు, పత్తి తీతకు పోయి నేరుగా వచ్చిన మనిషి, పుస్తకం అందుకుని చదివింది. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివింది. పెన్ను పక్కన పెట్టి నావైపు చూసింది.

"సెక్రటరీ గారూ, ముందు మా పేట పేరు రాయండి. సంతకం తర్వాత పెడతా."

"రాస్తార్లే అమ్మా, మేమేమన్నా కాదన్నామా," అన్నాడు ఒక పెద్దాయన.

"రాశాకే పెడతా బాబాయ్," అంది. గొంతు పెంచలేదు. పుస్తకం మాత్రం ఇవ్వలేదు.

స్తంభం దగ్గరివాళ్లు ఒక్కొక్కరే రోడ్డు దాటి షామియానా కిందికి వచ్చారు. అప్పుడు అసలు చర్చ మొదలైంది. పేటకు అప్పటిదాకా ఉన్నది ఒక్క చేతిపంపు, అదీ వేసవిలో ఎండిపోతుంది. అందరి ముందూ లెక్క తేలాక కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఎస్సీ కాలనీ మొదటి విడత అని నా చేత్తో నేనే రాశాను. ఏఈగారు ఎస్టిమేటు వేసేటప్పుడు ఆ తీర్మానం కాపీయే ముందు పెట్టుకున్నారు.

గ్రామసభ అనేది లేకపోతే ఆ మాట ఎక్కడ చెప్పుకోవాలి? కలెక్టరాఫీసులో అర్జీ పెట్టి తిరగాలి. అది ప్రకాశం అడిగినది. రిజర్వేషనూ, తన సొంత ఓటూ లేకపోతే ఆ మనిషి ఆ పుస్తకం ముట్టుకోగలిగేదా? అది అంబేడ్కర్ ఇచ్చినది. ఆమె ఏకగ్రీవంలో వచ్చిన మెంబరు కాదని కూడా చెప్పాలి. పోటీ చేసి, పేట ఓట్లతో గెలిచింది. నాగప్పగారు కోరుకున్నది అలాంటి గెలుపే.

ఇప్పుడు మా ప్రాంతంలో సర్పంచులకూ, కొత్తగా చేరిన సెక్రటరీలకూ నేను అడిగేవి మూడే మూడు. గ్రామసభ ఏడాదికి ఒక్కసారైనా పేటలో పెట్టండి, గుడి ముందే ఎప్పుడూ పెట్టకండి. ఏకగ్రీవం అని ఎవరు వచ్చినా, పేటలో పోటీకి సిద్ధమైనవాళ్లు ఉన్నారా అని ముందు కనుక్కోండి. తీర్మానం రాసేముందు గట్టిగా చదివి వినిపించండి, ఆ తర్వాతే సంతకాలకు పుస్తకం తిప్పండి. ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒక్కటి. పంచాయతీ ఖాతాలో పడిన ఆర్థిక సంఘం డబ్బు, పంచాయతీ తీర్మానం లేకుండా ఒక్క రూపాయి కూడా కదలకుండా చట్టం చేయాలి. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, శాసనసభ తలచుకుంటే చాలు.